ఫజర్‌కి లేవలేకపోతున్న పెద్దలు: అన్నీ వయసు నొప్పులు కావు

టేకులపల్లి లాంటి ఊళ్లలో ఫజర్ అజాన్ కన్నా ముందే లేచేది ఇంట్లో పెద్దవాళ్లే. దాదీ లేచి వుజూ చేసుకుని, నమాజ్ చదివి, మనవళ్లను లేపి, పొయ్యి మీద చాయ్ పెట్టేసరికి తెల్లారుతుంది. అలాంటి దాదీ ఉన్నట్టుండి ఒక వారం నుంచి మంచం మీద నుంచి లేవలేకపోతుంది. పక్కకు తిరగాలన్నా ఎవరో ఒకరు పట్టుకోవాలి. రెండు భుజాలూ బిగుసుకుపోయి చేతులు పైకి లేవవు. దుపట్టా తల మీదికి వేసుకోవడానికీ, జడ అల్లుకోవడానికీ కోడలిని పిలవాల్సి వస్తుంది. పది, పదకొండు గంటలయ్యేసరికి మాత్రం కాస్త సులువవుతుంది. మధ్యాహ్నానికి లేచి తిరుగుతుంది. మళ్లీ తెల్లవారుజామున అదే కథ.

ఇలాంటప్పుడు ఇంట్లో వినిపించే మాటలు ఒకేలా ఉంటాయి. "వయసైపోయింది కదా", "చలి పట్టింది", "వాతం చేసింది". ఇది బొగ్గు గనుల ప్రాంతం కాబట్టి, సింగరేణిలో పనిచేసి రిటైరైన తాతలైతే "అప్పుడు చేసిన కష్టం ఇప్పుడు బయటపడుతుంది" అని సరిపెట్టుకుంటారు. బామ్ రాస్తారు, వేడి నీళ్ల కాపడం పెడతారు, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది వేయిస్తారు. రెండు మూడు రోజులు హాయిగా ఉంటుంది. తర్వాత మళ్లీ మొదలు.

అన్నీ వయసు నొప్పులు కావు. 50 దాటినవాళ్లలో, ముఖ్యంగా 65, 70 దాటినవాళ్లలో, ఇలా రెండు భుజాలూ తుంట్లూ ఒకేసారి పట్టేసి, పొద్దుగాల గంటల తరబడి బిగుసుకుపోతుంటే దానికి ఒక పేరున్న జబ్బు కారణం కావచ్చు. దాని పేరు పాలీమయాల్జియా రుమాటికా. డాక్టర్లు పొట్టిగా పీఎంఆర్ అంటారు. గుర్తిస్తే దీనికి వైద్యం ఉంది, మందు ఖరీదైనది కూడా కాదు. గుర్తించకుండా నెట్టుకొస్తే మాత్రం మనిషి మంచానికి అంటుకుపోతారు. కొందరిలో దీనికి తోడుగా వచ్చే ఇంకో జబ్బు కంటిచూపునే తీసేస్తుంది.

అసలు ఇదేం జబ్బు?

పాలీ అంటే చాలా చోట్ల, మయాల్జియా అంటే కండరాల నొప్పి. పేరులో కండరం ఉన్నా, అసలు వాపు ఉండేది కండరంలో కాదు. భుజం, తుంటి కీళ్ల చుట్టూ ఎముకకూ కండరానికీ మధ్య రాపిడి తగలకుండా చిన్న చిన్న నీటి తిత్తులు ఉంటాయి. కీళ్ల లోపలి పొర కూడా ఉంటుంది. మన ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన రక్షణ వ్యవస్థ దారి తప్పి ఈ పొరల్లో, తిత్తుల్లో వాపు తెస్తుంది. భుజానికి అల్ట్రాసౌండ్ తీస్తే ఆ వాపు కనిపిస్తుంది. నొప్పి మాత్రం భుజం నుంచి మోచేతి దాకా, తుంటి నుంచి మోకాలి దాకా కండలన్నీ పట్టేసినట్టు అనిపిస్తుంది.

ఇది కొత్తగా పుట్టిన జబ్బేమీ కాదు. 1888లో విలియం బ్రూస్ అనే స్కాట్లాండ్ డాక్టర్ తన దగ్గరికి వచ్చిన కొందరు వృద్ధుల్లో ఈ లక్షణాలు చూసి మొదటిసారి రాసిపెట్టారు. ఇప్పుడు వాడుతున్న పేరును 1957లో స్టువర్ట్ బార్బర్ అనే డాక్టర్ పెట్టారు. ఉత్తర ఐరోపా దేశాల వాళ్లలో ఇది ఎక్కువ. మన దేశంలో అంతకన్నా తక్కువగా కనిపిస్తుంది. అందుకే పల్లెటూళ్లలో ఈ పేరు విన్నవాళ్లు అరుదు. మగవాళ్లకన్నా ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. 50 లోపు వాళ్లకు దాదాపు రాదు. ఎందుకొస్తుందో ఒక్క కారణం చెప్పలేరు. ఇది అంటుకునే జబ్బు కాదు. ఎవరి నజర్ తగిలో, తినకూడనిది తినో వచ్చేది కూడా కాదు.

ఎలా గుర్తుపట్టాలి?

దీనికి కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. ఇంట్లోవాళ్లు కాస్త గమనిస్తే తెలుస్తాయి.

మొదటిది, ఉన్నట్టుండి మొదలవడం. మోకాళ్ల అరుగుదల ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది. ఇది అలా కాదు. కొద్ది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో మనిషిని పడేస్తుంది. "పోయిన జుమా దాకా బాగానే ఉంది, తర్వాతే ఇలా అయింది" అని రోజు కూడా చెప్పగలుగుతారు.

రెండోది, రెండు వైపులా ఉండటం. మొదట ఒక భుజంతో మొదలైనా త్వరలోనే రెండో భుజానికి వస్తుంది. మెడ, తుంట్లు, తొడలు కూడా పట్టేస్తాయి.

మూడోది, పొద్దుటి బిగుసుకుపోవడం. నిద్ర లేచాక ముప్పావుగంటకు పైగా, ఒక్కోసారి రెండు మూడు గంటల దాకా ఒళ్లు వదలదు. చాలాసేపు ఒకేచోట కూర్చుని లేచినా అంతే. బస్సులో కొత్తగూడెం దాకా వెళ్లి దిగాలంటే కాళ్లు కదలవు.

నాలుగోది, నొప్పితో పాటు ఒళ్లంతా నీరసం. సన్నటి జ్వరం, ఆకలి తగ్గడం, బరువు తగ్గడం, మనసు దిగులుగా ఉండటం కొందరిలో కనిపిస్తాయి.

నమాజ్ చదివే ఇంట్లో దీన్ని కనిపెట్టడం ఇంకా తేలిక. తక్బీర్‌కు చేతులు లేపలేకపోవడం, వుజూలో తల మసహ్ చేసుకోవడానికి చెయ్యి అందకపోవడం, సజ్దాలోకి వెళ్లినా తిరిగి లేవలేకపోవడం ఇవన్నీ భుజాలు, తుంట్లు పట్టేశాయని చెప్పే గుర్తులే. ఫజర్ కుర్చీలో కూర్చుని చదివి, అదే మనిషి అసర్ మామూలుగా నిలబడి చదవగలుగుతుంటే ఆ తేడా డాక్టర్‌కు చెప్పాల్సిన ముఖ్యమైన విషయం. పెద్దవాళ్లు ఇవి నోరు తెరిచి చెప్పరు. పిల్లలకు ఇబ్బంది ఎందుకని ఓర్చుకుంటారు. చూసి అడగాల్సింది ఇంట్లోవాళ్లే.

వేరే జబ్బులు కూడా ఇలాగే కనిపిస్తాయి

భుజం నొప్పి ఉన్న ప్రతివాళ్లకూ పీఎంఆర్ ఉన్నట్టు కాదు. మన దగ్గర ఇంతకన్నా ఎక్కువగా కనిపించే జబ్బులు చాలానే ఉన్నాయి.

షుగర్ ఉన్నవాళ్లకు భుజం గట్టిపడిపోయే జబ్బు వస్తుంది. దాన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. అది ఎక్కువగా ఒక భుజానికే వస్తుంది, పగలంతా ఒకేలా ఉంటుంది, వేరేవాళ్లు ఎత్తినా చెయ్యి లేవదు.

వానాకాలం తర్వాత చికున్‌గున్యా వచ్చి తగ్గినవాళ్లకు నెలల తరబడి కీళ్లు నొప్పి పెడతాయి. ముందు గట్టి జ్వరం వచ్చిందా, ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అన్నది చూడాలి.

థైరాయిడ్ తగ్గినా ఒళ్లు నొప్పులు, బరువుగా ఉండటం వస్తాయి. ఎండ తగలక విటమిన్ డి తగ్గిపోయినా తుంట్లు, తొడలు లాగుతాయి. ఎక్కువగా ఇంటిపట్టునే ఉండే ఆడవాళ్లలో ఇది చాలా మామూలు. కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్ గోలీలతో కూడా కొందరికి కండరాలు నొప్పి పెడతాయి.

చేతివేళ్ల కణుపులు వాచి నొప్పి పెడుతుంటే అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ కావచ్చు. పెద్ద వయసులో మొదలైతే అది కూడా మొదట అచ్చం పీఎంఆర్ లాగే ఉంటుంది. నొప్పి పెద్దగా లేకుండా బలమే తగ్గిపోయి, మెట్లు ఎక్కలేకపోతుంటే అది కండరాల జబ్బు కావచ్చు. పీఎంఆర్‌లో కండరం బలం పోదు. నొప్పి వల్ల కదపలేరు, అంతే.

రాత్రి చెమటలు, వారాల తరబడి దగ్గు, బాగా బరువు తగ్గడం ఉంటే టీబీ ఉందేమో చూడాలి. కొన్ని రక్త క్యాన్సర్లు కూడా పెద్దవాళ్లలో ఇలాంటి నొప్పులతోనే బయటపడతాయి. అందుకే ఈ జబ్బు పేరు ఇంట్లో తేల్చుకునేది కాదు. మిగతావన్నీ కాదని చూసుకున్నాకే డాక్టర్లు దీని పేరు చెప్తారు.

సూది వేయిస్తే తగ్గింది కదా?

ఇక్కడే చాలా కుటుంబాలు మోసపోతాయి. పల్లెల్లో ఒళ్లు నొప్పులకు వేసే సూదుల్లో చాలాసార్లు రెండు మందులు కలిపి ఉంటాయి. ఒకటి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు. రెండోది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. అందులో స్టెరాయిడ్ ఉందని వేయించుకునేవాళ్లకు చాలాసార్లు తెలియదు. కొన్ని చోట్ల పొట్లాలుగా కట్టి ఇచ్చే నాటు మందుల్లో, పేరు లేని గోలీల్లో కూడా స్టెరాయిడ్ కలిపి అమ్ముతారు.

పీఎంఆర్ స్టెరాయిడ్‌కు లొంగే జబ్బే. కాబట్టి సూది పడగానే తగ్గినట్టు ఉంటుంది. రెండు మూడు రోజుల్లో దాని పని అయిపోగానే మళ్లీ పట్టేస్తుంది. ఇలా వారానికో సూది చొప్పున నెలలు గడుస్తాయి. దీనివల్ల మూడు నష్టాలు. జబ్బేమిటో తేలదు, ఎందుకంటే స్టెరాయిడ్ పడిన తర్వాత రక్తపరీక్షలో వాపు తక్కువగా కనిపించి డాక్టర్‌ను తప్పుదారి పట్టిస్తుంది. లెక్కలేని స్టెరాయిడ్ ఒంట్లోకి పోయి షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారుతాయి. మూడోది, తరచూ వేసే నొప్పి మందు కిడ్నీలను, కడుపును దెబ్బతీస్తుంది. పెద్ద వయసులో కిడ్నీలు ముందే బలహీనంగా ఉంటాయి.

నొప్పి మందులు పీఎంఆర్‌ను పెద్దగా తగ్గించవు కూడా. అందువల్ల "గోలీలు మింగినా తగ్గట్లేదు, సూది పడితేనే తగ్గుతుంది" అని పెద్దవాళ్లు అంటున్నారంటే, ఇంకో సూదికి కాదు, రక్తపరీక్షకు తీసుకెళ్లాలని అర్థం. ఇంతకు ముందు ఏ సూదులు, ఏ గోలీలు వాడారో దాచకుండా డాక్టర్‌కు చెప్పాలి. ఖాళీ స్ట్రిప్పులు, చీటీలు ఉంటే వెంట తీసుకెళ్లాలి.

ఏ పరీక్షలు? ఎక్కడ?

ముందుగా చేసేవి రెండు రక్తపరీక్షలు. ఒకటి ఈఎస్‌ఆర్, రెండోది సీఆర్‌పీ. ఒంట్లో ఎక్కడో వాపు ఉందని ఇవి చెప్తాయి. ఏ జబ్బు వల్ల వచ్చిందో మాత్రం చెప్పవు. పీఎంఆర్ ఉన్నవాళ్లలో ఇవి రెండూ లేదా ఒకటి దాదాపు ఎప్పుడూ ఎక్కువగానే ఉంటాయి.

ఈఎస్‌ఆర్ రిపోర్టు చూసి కంగారుపడే ముందు ఒక లెక్క తెలుసుకోవాలి. వయసుతో పాటు ఈఎస్‌ఆర్ కొంచెం పెరగడం మామూలే. మగవాళ్లకైతే వయసులో సగం, ఆడవాళ్లకైతే వయసుకు 10 కలిపి అందులో సగం దాకా ఉండొచ్చని డాక్టర్లు ఒక అంచనాగా వాడతారు. అంటే 70 ఏళ్ల ఆమెకు 40 దాకా. రక్తం తక్కువగా ఉన్నా ఈఎస్‌ఆర్ పెరుగుతుంది. అందుకే సీఆర్‌పీ కూడా కలిపి చూస్తారు.

వీటితో పాటు రక్తం శాతం, షుగర్, కిడ్నీ, లివర్, థైరాయిడ్, కాల్షియం, విటమిన్ డి, రుమటాయిడ్ ఫ్యాక్టర్, కండరాల ఎంజైమ్ అయిన సీపీకే చూస్తారు. పీఎంఆర్‌లో సీపీకే మామూలుగానే ఉంటుంది. ఛాతీ ఎక్స్‌రే కూడా తీయిస్తారు. రక్త క్యాన్సర్ అనుమానం ఉంటే దానికి వేరే పరీక్షలు ఉంటాయి.

టేకులపల్లి వాళ్లు మొదట మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లొచ్చు. 2021 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం జిల్లాల్లో ప్రారంభించిన తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాల్లో ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం కూడా ఉన్నాయి. ఆరోగ్య కేంద్రంలో రక్తం తీసుకుని పరీక్షకు అక్కడికి పంపుతారు, డబ్బు తీసుకోరు. ఏయే పరీక్షలు చేస్తారో అక్కడే అడిగి తెలుసుకోవాలి. అటు ఇల్లెందు, ఇటు కొత్తగూడెం రెండు చోట్లా ప్రభుత్వ దవాఖానలు ఉన్నాయి. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. అక్కడ జనరల్ మెడిసిన్ డాక్టర్‌ను కలవాలి. కీళ్లవాతం జబ్బుల స్పెషలిస్టును రుమటాలజిస్టు అంటారు. ఎముకలు విరిగితే చూసే ఆర్థోపెడిక్ డాక్టర్ వేరు, రుమటాలజిస్టు వేరు. హైదరాబాద్‌లో పంజాగుట్టలోని నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. జబ్బు తేలనప్పుడు, మందు తగ్గించేటప్పుడు మళ్లీ మళ్లీ తిరగబెడుతున్నప్పుడు అక్కడ చూపించుకోవడం మేలు.

చికిత్స: చిన్న గోలీ, పెద్ద క్రమశిక్షణ

పీఎంఆర్‌కు అసలు మందు ప్రెడ్నిసొలోన్. ఇది కూడా స్టెరాయిడే. మరి సూదిలో ఉన్నది చెడ్డదీ, ఇది మంచిదీ ఎలా అవుతుందని అడగొచ్చు. తేడా మోతాదులో, లెక్కలో ఉంది. ఇక్కడ డాక్టర్ తూకం వేసి ఇస్తారు, పరీక్షలు చూస్తూ తగ్గిస్తారు.

స్టెరాయిడ్లు వైద్యంలోకి వచ్చిందే కీళ్లవాతం వల్ల. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టర్, మంచాన పడిన ఒక కీళ్లవాతం రోగికి కార్టిసోన్ ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. ఈ పనికి 1950లో హెంచ్‌కూ, ఎడ్వర్డ్ కెండాల్, టాడ్యూష్ రైఖ్‌స్టైన్‌లకూ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఎక్కువ రోజులు, ఎక్కువ మోతాదు వాడితే నష్టమేమిటో కూడా వెంటనే తెలిసొచ్చింది.

పీఎంఆర్‌లో మొదట రోజుకు 12.5 నుంచి 25 మిల్లీగ్రాముల మధ్య ఇస్తారు. చాలామందికి 15 దగ్గర మొదలవుతుంది. షుగర్, బోలు ఎముకలు లాంటివి ఉన్నవాళ్లకు ఇంకా జాగ్రత్తగా తక్కువ వైపు చూస్తారు. పొద్దున ఏదైనా తిన్నాక ఒక్కసారే వేసుకోవాలి. సరైన జబ్బుకు సరైన మందు పడితే కొద్ది రోజుల్లోనే, మహా అయితే వారం రెండు వారాల్లో తేడా బాగా తెలుస్తుంది. పట్టుకుని లేపాల్సిన మనిషి తనంతట తానే లేచి వుజూ చేసుకుంటారు. అంత తేడా రాకపోతే జబ్బు వేరేదేమో అని డాక్టర్ మళ్లీ ఆలోచిస్తారు.

తర్వాత ఒకటి రెండు నెలల్లో మెల్లగా 10 మిల్లీగ్రాములకు తెస్తారు. అక్కడి నుంచి ఇంకా మెల్లగా, నాలుగు వారాలకు ఒక మిల్లీగ్రాము చొప్పున తగ్గిస్తారు. లెక్క వేస్తే దాదాపు ఏడాది పడుతుంది. చాలామందికి ఒకటి రెండేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ వాడాల్సి వస్తుంది. తగ్గించే దారిలో నొప్పి తిరగబెట్టడం మామూలే. అప్పుడు డాక్టర్ ముందు మోతాదుకు తీసుకెళ్లి, మళ్లీ తగ్గిస్తారు. పదే పదే తిరగబెడుతుంటే మెథోట్రెక్సేట్ అనే మందు కలుపుతారు. దాన్ని వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. చదువు రాని పెద్దవాళ్లకు ఆ మందును ఇంట్లోవాళ్లే చేతికి ఇవ్వాలి. 2023లో అమెరికా ఔషధ సంస్థ ఈ జబ్బుకు సారిలుమాబ్ అనే ఇంజెక్షన్‌ను కూడా ఆమోదించింది. అది చాలా ఖరీదు. ఎక్కువమందికి దాని అవసరం రాదు.

ఉన్నట్టుండి ఆపొద్దు

ఈ మందు విషయంలో జరిగే పెద్ద తప్పు రెండు రకాలు. "నొప్పి పోయింది కదా" అని ఆపేయడం ఒకటి. "స్టెరాయిడ్ అంటే విషమట" అని ఎవరో చెప్తే భయపడి ఆపేయడం ఇంకొకటి. రెండూ ప్రమాదమే.

మన ఒళ్లు రోజూ సొంతంగా కొంత స్టెరాయిడ్ తయారు చేసుకుంటుంది. కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు ఆ పని చేస్తాయి. వారాల తరబడి గోలీ రూపంలో బయటి నుంచి వస్తుంటే ఆ గ్రంథులు పని మానేస్తాయి. గోలీ ఒక్కసారిగా ఆపితే ఒంట్లో స్టెరాయిడే ఉండదు. బీపీ పడిపోయి, వాంతులై, మనిషి స్పృహ తప్పవచ్చు. అందుకే ఒక్కో మెట్టు దిగినట్టు తగ్గించాలి.

జేబులో, సంచిలో, ఫోన్ కవర్లో ఒక చీటీ పెట్టుకోవాలి: "నేను ప్రెడ్నిసొలోన్ ఇంత వాడుతున్నాను, ఇన్ని నెలల నుంచి." జ్వరం వచ్చినా, ఆపరేషన్ అయినా, పన్ను పీకించుకున్నా ఆ చీటీ చూపించాలి. వాంతులై గోలీ కడుపులో నిలవకపోతే అదే రోజు దవాఖానకు వెళ్లాలి.

మందుతో పాటు కాచుకోవాల్సినవి

షుగర్: పొద్దున వేసుకున్న స్టెరాయిడ్ వల్ల షుగర్ మధ్యాహ్నం తర్వాత పెరుగుతుంది. పరగడుపున చూస్తే మామూలుగా కనిపించవచ్చు. అందుకే మధ్యాహ్నం తిన్న రెండు గంటలకు కూడా చూడాలి. ముందే షుగర్ ఉన్నవాళ్లకు మందులు మార్చాల్సి రావచ్చు.

ఎముకలు: కాల్షియం రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాములు అందాలి. పాలు, పెరుగు, రాగి జావ, నువ్వులు, ముళ్లతో తినే చిన్న చేపలు మంచివి. విటమిన్ డి డాక్టర్ చెప్పినట్టు వాడాలి. కొందరికి ఎముక గట్టిపడే మందు కూడా ఇస్తారు.

కడుపు: స్టెరాయిడ్‌తో పాటు నొప్పి గోలీలు సొంతంగా మింగితే కడుపులో పుండ్లు పడి రక్తం పోవచ్చు. నల్లటి విరేచనం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.

ఇన్ఫెక్షన్లు: స్టెరాయిడ్ వాడేవాళ్లలో పాత టీబీ తిరగబెట్టవచ్చు, అక్కి రావచ్చు. అందుకే మందు మొదలుపెట్టే ముందే ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా అన్నది చెప్పాలి. అడవి దారుల్లో, చేలల్లో చెప్పులు లేకుండా తిరిగే అలవాటు ఉంటే అది కూడా చెప్పాలి. మట్టి నుంచి కాలి చర్మం ద్వారా లోపలికి చేరే ఒక రకం పురుగులు స్టెరాయిడ్ పడితే రెచ్చిపోతాయి.

కళ్లు, బీపీ: శుక్లాలు, గ్లాకోమా పెరగవచ్చు. ఏడాదికి ఒకసారి కళ్లు, వెళ్లినప్పుడల్లా బీపీ చూపించుకోవాలి.

ఇది కనిపిస్తే ఆ రోజే దవాఖానకు

ఇందాక చెప్పిన తోడు జబ్బు ఇదే. పీఎంఆర్ ఉన్న ప్రతి ఐదారుగురిలో ఒకరికి రక్తనాళాల వాపు కూడా ఉండొచ్చు. దాన్ని జెయింట్ సెల్ ఆర్టరైటిస్ అంటారు. తలకూ, కంటికీ వెళ్లే రక్తనాళాలు వాచి మూసుకుపోతాయి. పీఎంఆర్‌కు ముందైనా, దానితో పాటైనా, మందు తగ్గించేటప్పుడైనా రావచ్చు.

గుర్తులు ఇవి: ఇంతకు ముందు లేని కొత్త తలనొప్పి, ముఖ్యంగా కణతల దగ్గర. దువ్వెన తగిలినా, తలగడ మీద తల పెట్టినా నొప్పి. రొట్టె, మాంసం నములుతుంటే దవడలు అలిసిపోయి నొప్పి పెట్టి, ఆపితే తగ్గడం. ఒక కన్ను కాసేపు మసకబారడం, పరదా పడినట్టు అవడం, ఒకటి రెండుగా కనిపించడం.

వీటిలో ఏది కనిపించినా రేపు చూద్దాం అనుకోవద్దు. పోయిన చూపు తిరిగి రావడం చాలా అరుదు. వైద్యం అందకపోతే రెండో కన్ను కూడా రోజుల్లోనే పోవచ్చు. సమయానికి వెళ్తే డాక్టర్లు పెద్ద మోతాదు స్టెరాయిడ్ వెంటనే మొదలుపెట్టి, పరీక్షలు తర్వాత చేస్తారు. కళ్లద్దాలు మార్చుకుంటే సరిపోతుందనుకుని కళ్లజోడు షాపుకు వెళ్లి ఆగిపోతే చూపు దక్కే సమయం చేజారిపోతుంది.

నమాజ్, రోజా, ప్రయాణం

నిలబడలేని మనిషి కూర్చుని, వంగలేని మనిషి సైగతో నమాజ్ చదివే సౌలభ్యం దీన్‌లో ఉంది. నొప్పి ఉన్నన్నాళ్లు కుర్చీ వాడటంలో తప్పు లేదు. గోలీ పనిచేసి ఒళ్లు సడలాక మెల్లగా మామూలు నమాజ్‌కు రావొచ్చు. ఆ కదలికలు భుజాలకూ తుంట్లకూ మంచి వ్యాయామమే.

రంజాన్ వచ్చిందంటే అసలు చిక్కు మొదలవుతుంది. రోజా వదలడానికి పెద్దవాళ్ల మనసు ఒప్పదు. అందుకని గోలీ వదిలేస్తారు. ఇది చేయకూడని పని. రోజుకు ఒక్కసారే వేసుకునే మందు కాబట్టి, సహరీలో తిన్నాక వేసుకునే వీలు కొందరికి ఉంటుంది. కానీ జబ్బు కొత్తగా మొదలైనవాళ్లు, షుగర్ అదుపులో లేనివాళ్లు, ఇన్సులిన్ వాడేవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు. రంజాన్‌కు నెల ముందే డాక్టర్‌ను అడిగి తేల్చుకోవాలి. జబ్బుతో ఉన్నవాళ్లకు రోజా తర్వాత ఖజా చేసుకునే, అది కూడా వీలు కానివాళ్లకు ఫిదియా ఇచ్చే సౌలభ్యం ఉంది. డాక్టర్ మాట విన్నాక మసీదులో ఆలిమ్ సాబ్‌ను అడిగితే పెద్దవాళ్ల మనసు కూడా కుదుటపడుతుంది.

ఉమ్రాకో, హజ్‌కో వెళ్లేవాళ్లు ప్రయాణం రోజులకన్నా ఎక్కువ రోజులకు సరిపడా గోలీలు, డాక్టర్ చీటీతో సహా చేతి సంచిలోనే పెట్టుకోవాలి. పెద్ద సూట్‌కేసులో పెడితే అది తప్పిపోయినప్పుడు మందు కూడా పోతుంది.

ఇంట్లోవాళ్లు చేయగలిగింది

మంచం, కుర్చీ కాస్త ఎత్తుగా ఉంటే లేవడం సులువు. బాత్రూంలో పట్టుకోవడానికి ఒక కడ్డీ, కూర్చునే కమోడ్ ఉంటే మేలు. పడిపోతే ఎముక విరిగే వయసు కాబట్టి తడి నేల, జారే చాప, చీకటి మెట్లు చూసుకోవాలి. పొద్దున వేడి నీళ్ల స్నానం, ఆ తర్వాత ఇంటి ముందు ఎండలో కొద్దిసేపు నడక ఒంటిని వదిలిస్తాయి. పూర్తిగా పడుకోబెట్టడం మంచిది కాదు.

హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న పిల్లలు ఫోన్ చేసినప్పుడు "అమ్మీ, ఎలా ఉన్నావు?" అంటే "అల్లా దయ, బాగానే ఉన్నాను బేటా" అన్న జవాబే వస్తుంది. దాని బదులు నాలుగు మాటలు అడగాలి. పొద్దున లేచాక ఒళ్లు వదలడానికి ఎంతసేపు పట్టింది? చేతులు తల దాకా లేస్తున్నాయా? ఈ వారంలో సూది ఏమైనా వేయించుకున్నావా? తలనొప్పి, చూపు మసక ఉన్నాయా? ఈ నాలుగింటి జవాబులు ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్తే, దవాఖానలో డాక్టర్‌కు దొరికే ఐదు నిమిషాలు కూడా సరిపోతాయి.

ప్రెడ్నిసొలోన్ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్న మందు. స్ట్రిప్పు ధర కూడా చాలా తక్కువ. నెలకు నాలుగు సూదులకు పెట్టే డబ్బులో చాలా రోజుల గోలీలు వస్తాయి. కాకపోతే అది మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే మందు కాదు. పరీక్ష చేసి, పేరు తేల్చి, లెక్క రాసిచ్చాక వాడాల్సిన మందు. ఆ మొదటి రక్తపరీక్షకు తీసుకెళ్లేవాళ్లు ఒకరుంటే, రెండు వారాల తర్వాత దాదీ మళ్లీ అందరికన్నా ముందే లేచి చాయ్ పెట్టవచ్చు.